నిండా మునిగినవాడికి చలేమిటి అంటారు కదా, మరి 13 డిగ్రీల సముద్రంలో?

తడి_తువ్వాలు
పూల్‌లో 27, 28 డిగ్రీల నీళ్లలో కిలోమీటరు ఆగకుండా ఈదే మనిషికి 13 డిగ్రీల సముద్రంలో యాభై మీటర్లు ఎందుకు గగనమైపోతుంది? మొలలోతు దాకా బాగానే ఉంటుంది. ఛాతీ తడవగానే ఊపిరి మన మాట వినదు. ముఖం నీళ్లలో పెట్టామా, నోరు తెరిచి పీల్చేయాలనిపిస్తుంది. ఎవర్ని అడిగినా ఒకటే మంత్రం: "డిగ్రీకి ఒక నిమిషం. 13 డిగ్రీలైతే 13 నిమిషాలు ఉండొచ్చు." ఎందుకో మాత్రం ఎవరూ చెప్పరు. ఈ లెక్క నమ్మొచ్చా? బీచ్ మామూలు ఇసుక బీచ్. అలలు మోకాలి ఎత్తు, ఒక్కోసారి నడుం ఎత్తు. వెట్‌సూట్, అంటే ఒంటికి అతుక్కునే ఆ రబ్బరు ఈత దుస్తులు, లేదు.

వణుకురాజు
ఆ సామెత చెప్పినాయన మునిగింది అప్పుల్లో అయ్యుంటుంది, సముద్రంలో కాదు.

ఉప్పుకల్లు
ఆ లెక్క వెనక శాస్త్రమేం లేదు. నోటికి తేలిగ్గా వస్తుంది కాబట్టి నిలబడిపోయింది. 5 డిగ్రీల్లో 5 నిమిషాలంటే కొత్తవాడికి చాలా ఎక్కువ. 18లో 18 నిమిషాలంటే అలవాటున్నవాడికి లెక్కే కాదు. పైగా అది మొత్తం సమయాన్ని ఒకటే ముద్దగా చూస్తుంది. చన్నీళ్లలో ఒంటికి జరిగేది ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి.

ముందు వచ్చేది కోల్డ్ షాక్. చర్మం ఒక్కసారిగా చల్లబడగానే మీ ప్రమేయం లేకుండా ఒక పెద్ద ఊపిరి లోపలికి పోతుంది, దాని వెనకే ఎగశ్వాస. గుండె వేగం, బీపీ రెండూ పైకి లేస్తాయి. మొదటి అర నిమిషంలో ఇది పతాక స్థాయిలో ఉంటుంది, రెండు మూడు నిమిషాల్లో దిగిపోతుంది. మీ ఫిర్యాదు మొత్తం ఇదే. ఆ మొదటి పెద్ద ఊపిరి తీసుకునే క్షణంలో మూతి నీటి కింద ఉంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకే పోతాయి. పూల్‌లో కిలోమీటరు ఈదిన సర్టిఫికెట్ అక్కడ చూపించలేం.

తర్వాత చేతులూ కాళ్లూ మొద్దుబారడం. ముంజేతి కండరాలు సన్నగా, చర్మానికి దగ్గరగా ఉంటాయి, వాటికే ముందు దెబ్బ. వేళ్లు విడివిడిగా కొంకర్లు పోతాయి, అరచెయ్యి నీటిని పట్టలేదు. ఎంత లాగినా ముందుకి పోరు, కాళ్లు కిందికి జారతాయి, ఒళ్లు నిటారుగా తిరుగుతుంది. ఈత బాగా వచ్చినవాళ్లు మునిగేది ఎక్కువగా ఈ దశలో.

హైపోథెర్మియా, అంటే లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పడటం, పెద్దవాళ్లకి మామూలుగా అర గంట లోపు రాదు. అందరూ భయపడేది దానికి. ప్రాణం తీసేది ఎక్కువగా దానికి ముందున్న రెండూ.

పల్స్_చూడు
ఉప్పుకల్లు గారు చెప్పినదాన్నే కెనడా ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ 1-10-1 అని పెట్టారు. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులూ కాళ్లూ పనికొచ్చేలా కదిలేది 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. అది గడ్డకట్టేంత చల్లటి నీటికి, అనుకోకుండా పడిపోయినవాళ్ల కోసం చెప్పిన లెక్క. 13 డిగ్రీల్లో మధ్య అంకె కొంచెం సాగుతుంది. మొదటి అంకె మాత్రం సాగదు, తగ్గదు. కోల్డ్ షాక్ 10-15 డిగ్రీల మధ్యే దాదాపు పూర్తి స్థాయికి వచ్చేస్తుంది. "ఐసు నీళ్లేం కాదు కదా" అన్న ధీమా పనికిరాదు.

తడి_తువ్వాలు
అయితే మెల్లగా దిగాలా, ఒక్కసారి దూకేయాలా? "దూకేస్తే అయిపోతుంది" అనేవాళ్లే ఎక్కువ.

ఎదురీత
దూకితే అయిపోతుంది, నిజమే. ఏది అయిపోతుంది అన్నదే ప్రశ్న.

పల్స్_చూడు
నవ్వులాట పక్కన పెడితే, దూకడంలో రెండు తప్పులు ఒకేసారి జరుగుతాయి. ఒళ్లంతా ఒక్కసారి చల్లబడితే గుండెని పరుగెత్తించే నరాలు మేల్కొంటాయి. అదే క్షణంలో ముఖం మునిగి ఊపిరి బిగబడితే గుండెని నెమ్మది చేసే నరాలు మేల్కొంటాయి. ఒకే కారులో ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంకొకరు బ్రేక్ తొక్కినట్టు. గుండె లయ తప్పేది అప్పుడే. బ్రిటన్‌లో మైక్ టిప్టన్, మైకేల్ షట్టాక్ అనే శాస్త్రవేత్తలు దీన్ని 2012లో వివరంగా రాశారు. బయటికి ఆరోగ్యంగా కనిపించేవాళ్లకీ తాత్కాలికంగా లయ తప్పడం కనపడుతుంది. లోపల ముందే ఏదైనా లోపం ఉంటే అదే ప్రాణాంతకం.

కాబట్టి ముఖం ఆఖర్న.

ఉప్పుకల్లు
దిగడం గురించి అడిగారు కాబట్టి నీళ్ల అంచు నుంచి మొదలెడదాం.

మడమలోతులో ఆగి వంగి మణికట్లు, మోచేతులు, మెడ వెనక తడుపుకోండి. అర నిమిషం చాలు. తర్వాత ఆగకుండా నడవండి. మోకాలిలోతులో నిలబడి ఆలోచించేవాళ్లు అక్కడే సగం వేడి పోగొట్టుకుంటారు. మొలలోతు దాటగానే పొట్ట తడుస్తుంది, ఊపిరి ఎగిరేది అక్కడ. అప్పుడు బలవంతంగా లోపలికి పీల్చడానికి చూడొద్దు, బయటికి వదలడం మీద దృష్టి పెట్టండి. పెదాలు సున్నాలా చుట్టి, వేడి పాలు ఊదినట్టు పొడుగ్గా వదలండి. లోపలికి ఎలాగూ దానంతటదే వస్తుంది. భుజాలు చెవుల దాకా ఎగబాకి ఉంటాయి, దించండి. భుజాలు దాకా మునిగాక కాళ్లు నేలకి ఆనే లోతులోనే నిలబడండి. మనసులో అరవై కాదు, తొంభై దాకా లెక్కపెట్టండి.

పరీక్ష ఏంటంటే, గట్టు మీద ఉన్నవాళ్లతో పది పన్నెండు మాటల వాక్యం ఒకటి ఒక్క ఊపిరిలో చెప్పగలగాలి. మధ్యలో తెగితే ఇంకా ఆగండి. చెప్పగలిగితే అప్పుడు తల పైకెత్తి బ్రెస్ట్ స్ట్రోక్, ఓ ఇరవై ముప్పై స్ట్రోకులు. ఆ తర్వాత ముఖం రెండు మూడు సార్లు ముంచి బుడగలు వదిలి, అప్పుడు ఫ్రీస్టైల్. మూడు నిమిషాలైనా ఊపిరి కుదరకపోతే ఆ రోజు ఈత లేదు, బయటికి రండి.

వణుకురాజు
వాక్యం బదులు పాట పాడొచ్చా? గట్టు మీదవాళ్లు రక్షించడానికి పరుగెత్తుకొస్తే నా పూచీ లేదు.

గట్టుమీద
పాడండి, మంచిదే. ఊపిరి పొడుగ్గా బయటికి పోతుంది. పాట ఎక్కడ తెగిందో కాపలా ఉన్నవాళ్లకి వినపడుతుంది కూడా.

తడి_తువ్వాలు
అర్థమైంది. ఇది ఎప్పటికీ ఇలాగే ఉంటుందా, అలవాటవుతుందా?

పల్స్_చూడు
కోల్డ్ షాక్ ఆశ్చర్యపోయేంత త్వరగా లొంగుతుంది. రెండు మూడు నిమిషాల చొప్పున ఐదారు సార్లు మునిగితే దాదాపు సగానికి తగ్గుతుంది, ఆ అలవాటు నెలల తరబడి కొంత మిగులుతుంది. అందుకే మొదటి వారం "ఎంత దూరం" అనే ప్రశ్నే వద్దు. దిగడం, ఊపిరి కుదరడం, రావడం, అంతే. కానీ అలవాటయ్యేది ఊపిరి మాత్రమే. వేళ్లు కొంకర్లు పోవడం, లోపలి వేడి పడిపోవడం ఆ ఐదారు మునకలతో ఆగవు. "ఇప్పుడు చలే లేదు" అని ఉండిపోయేవాళ్లకి సమస్య అక్కడ వస్తుంది. చర్మం మొద్దుబారింది కాబట్టి చలి తెలియదు, నీళ్లు వేడి లాక్కోవడం మానలేదు. గాలి కంటే నీళ్లు వేడిని ఇంచుమించు 25 రెట్లు వేగంగా లాగుతాయి.

వణుకురాజు
అంటే సామెత కరెక్టే. నిండా మునిగినవాడికి చలి *తెలియదు*.

ఎదురీత
అదే భయపడాల్సిన విషయం.

నియోప్రీన్_నాయుడు
ఇంత తంటా ఎందుకండీ. వెట్‌సూట్ వేసుకుంటే పోలా? 13కి 4/3 మిల్లీమీటర్లది. ఒంటికి 4, చేతులకీ కాళ్లకీ 3. 10 కిందికైతే 5/4. 16, 17 దాటితే 3/2 సరిపోతుంది. సర్ఫింగ్ సూట్ కాకుండా ఈత సూట్ చూసుకోండి. భుజాల దగ్గర పలచగా ఉంటుంది, పైన నున్నటి పొర ఉంటుంది, చెయ్యి తేలిగ్గా తిరుగుతుంది. సర్ఫింగ్ సూట్‌తో వంద మీటర్లు ఫ్రీస్టైల్ చేస్తే భుజాలు తగువు పెట్టుకుంటాయి.

ఎదురీత
వెట్‌సూట్‌తో ఈదితే అది సముద్రం కాదు, థర్మాస్ ఫ్లాస్కు.

నియోప్రీన్_నాయుడు
ఫ్లాస్కులో టీ వేడిగా ఉంటుంది కదా, అదే కావాలి మనకి.

అసలు పాయింటుకొస్తే, సూట్ సైజే సగం పని. నడుం వెనక, చంకల కింద గాలి సంచీలా ఖాళీ ఉంటే ప్రతి స్ట్రోకుకీ చన్నీళ్లు పంపు కొట్టినట్టు వచ్చిపోతుంటాయి. అలాగని మెడ దగ్గర మరీ బిగుతుగా ఉంటే మెడ రక్తనాళాల మీద ఒత్తిడి పడి తల తిరుగుతుంది, దాన్ని చలి అనుకుంటారు. వేలు దూరాలి, రెండు వేళ్లు దూరకూడదు. మెడ వెనక కుట్టు ఒరుసుకునే చోట వ్యాజిలిన్ రాయండి. అది రాపిడికే. వ్యాజిలిన్ పట్టిస్తే చలి ఆగుతుందనేది ఉత్త మాట. నడుంలోతులో కాలర్ లాగి కాసిని నీళ్లు లోపలికి వదిలి, బయటికొచ్చి పిండేస్తే సూట్ ఒంటికి అతుక్కుంటుంది. ఇంకో లాభం, సూట్ తేలుస్తుంది. నష్టం కూడా ఉంది. వేసుకున్నవాళ్లు ఎక్కువసేపు ఉండిపోతారు, ముఖానికీ అరచేతులకీ మాత్రం సూట్ లేదు.

ఉప్పుకల్లు
ఎదురీత గారి థర్మాస్ జోకు పక్కన పెట్టండి. కొత్తవాళ్లకి సూట్ మంచిదే. సూట్ లేనివాళ్లు కనీసం తల, చేతులు, పాదాలు చూసుకోవాలి. 3 మిల్లీమీటర్ల గ్లవ్స్, బూట్లు. తలకి నియోప్రీన్, అంటే వెట్‌సూట్ రబ్బరు, టోపీ, దాని మీద సిలికాన్ టోపీ. టోపీ రంగు నారింజ, పసుపు, గులాబీ, ఇలా ఏదో ఒకటి. నలుపు, నీలం, తెలుపు పెట్టుకుంటే నురగలో మనిషి మాయం. చెవుల్లోకి చన్నీళ్లు పోతే కళ్లు తిరుగుతాయి, ఏళ్ల తరబడి పోతే చెవి గొట్టంలో ఎముక పెరుగుతుంది. ప్లగ్స్ పెట్టుకోండి.

ఎదురీత
సరే ఒప్పుకుంటాను. కానీ చన్నీళ్ల ఈతలో ఆరితేరినవాళ్లు చేసేది చూశాక మన గొడవ చిన్నదనిపిస్తుంది. 1987లో అమెరికా ఈతగత్తె లిన్ కాక్స్ బేరింగ్ జలసంధిలో అమెరికా దీవి నుంచి సోవియట్ దీవికి రెండు గంటలకి పైగా ఈదింది. నీళ్లు 7 డిగ్రీల లోపు, వెట్‌సూట్ లేదు. ఐస్ మైల్ అనేది ఇంకోటి. 5 డిగ్రీలు లేదా అంతకంటే చల్లటి నీళ్లు, ఒక మైలు, అంటే 1609 మీటర్లు. మామూలు ఈత దుస్తులు, ఒక టోపీ, కళ్లద్దాలు, అంతే.

గట్టుమీద
లిన్ కాక్స్ పక్కన పడవల్లో డాక్టర్లున్నారు, వెనక ఏళ్ల సాధన ఉంది. తడి_తువ్వాలు గారి పక్కన తువ్వాలుంది.

పాటుపోటు
అందరూ చలి గురించే మాట్లాడుతున్నారు, సముద్రం కదులుతుందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

ముందు ఉష్ణోగ్రత. యాప్‌లో కనపడే అంకె చాలాసార్లు ఉపగ్రహం చూసిన పై పొరది, అదీ ఒడ్డుకి దూరంగా. మీరు దిగే చోట వేరే ఉండొచ్చు. తాడు కట్టిన మామూలు థర్మామీటర్ నడుంలోతులో, నీటి పైపొరకి అర మీటరు కింద రెండు నిమిషాలు ఉంచి, దాని కొస నీళ్లలో ఉండగానే అంకె చూడండి. గాలిలోకి లాగితే మారిపోతుంది. ఎండ కాసిన అడుగులోతు నీళ్లలో కొలిస్తే మీకు మీరే అబద్ధం చెప్పుకున్నట్టు.

రెండోది, ఎండ చూసి మోసపోవద్దు. సముద్రం గాలి కంటే నెల, రెండు నెలలు వెనక నడుస్తుంది. చలికాలం పోయి ఎండ మొదలైన వారాల్లోనే నీళ్లు అన్నింటికంటే చల్లగా ఉంటాయి. ఇంకోటి, తీరం వెంబడి ఒకే దిశలో రెండు మూడు రోజులు గట్టిగా గాలి వీస్తే, అది అనుకూల దిశైతే పైనున్న వెచ్చటి నీళ్లు లోపలికి తోసుకుపోయి అడుగు నుంచి చన్నీళ్లు పైకొస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, మొన్నటి 17 ఇవాళ 13 అయి ఉంటుంది. కొలవకుండా దిగినవాడికి కారణం అర్థం కాదు.

మూడోది గాలి దిశ. ఒడ్డు నుంచి సముద్రం వైపు గాలి వీస్తే నీళ్లు అద్దంలా కనపడతాయి. ఆ అద్దమే మోసం. వెళ్లేటప్పుడు తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు చేతులు మొద్దుబారి ఉన్నప్పుడే ఎదురు తగులుతుంది.

తడి_తువ్వాలు
ఒడ్డు నుంచి లోపలికి లాక్కుపోయే ప్రవాహం, అదే రిప్ కరెంట్, సంగతి? చన్నీళ్లలో ఏమైనా తేడా ఉంటుందా?

పాటుపోటు
రిప్ అదే, మీరే వేరు. దిగే ముందు పది నిమిషాలు కాస్త ఎత్తున నిలబడి చూడండి. పక్కనంతా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక పాయ మాత్రం విరగకుండా నల్లగా, నున్నగా ఉంటుంది. నురగ, ఇసుక కలిసిన నీళ్లు దాని వెంట లోపలికి పోతుంటాయి. కొత్తవాళ్లు "ఇక్కడ ప్రశాంతంగా ఉంది" అని సరిగ్గా అక్కడే దిగుతారు.

బలమైన రిప్ సెకనుకి 2 మీటర్లు దాటుతుంది. 1500 మీటర్ల ఫ్రీస్టైల్ ప్రపంచ రికార్డు వేగమే సెకనుకి 1.7 మీటర్లు. ఎదురు ఈదితే ఎవరూ గెలవరు. వెచ్చటి నీళ్లలో అయితే తప్పుగా ఓ ఐదు నిమిషాలు పెనుగులాడి, అలిసి, ఆలోచించుకుని పక్కకి ఈదే అవకాశం ఉంటుంది. 13లో ఆ ఐదు నిమిషాలే మీ చేతుల ఆస్తి. అందుకని వెంటనే వెల్లకిలా తిరిగి, చెవులు మునిగేలా తల వెనక్కి వాల్చి తేలండి, ఊపిరి కుదరనివ్వండి. తర్వాత ఒడ్డుకి సమాంతరంగా, అలలు విరిగే వైపు. అలలు విరిగే చోట నీళ్లు ఒడ్డు వైపే తోస్తాయి.

ఆటుపోట్లు కూడా చూసుకోండి. నీళ్లు ఎక్కే ఆరు గంటల పోటులో, దిగే ఆరు గంటల పాటులో, మధ్య రెండు గంటలు నీళ్లు అన్నింటికంటే జోరుగా కదులుతాయి. పాటు జోరుగా ఉన్నప్పుడు దిగడం కొత్తవాళ్ల పని కాదు.

చేపపిల్ల_42
నడుముకి కట్టుకునే రంగు బెలూన్, అదే టో ఫ్లోట్, ఉంటే చాలు కదా? పట్టుకుని తేలొచ్చు.

గట్టుమీద
చాలదు. అది మీరు కనపడటానికి. ఊపిరి ఆడక కాసేపు ఆనుకోవచ్చు, నిజమే. కానీ గట్టిగా గాలి వీస్తే పగ్గం తెగో, బకిల్ ఊడో పోతుంది, కొంకర్లు పోయిన వేళ్లకి దొరకదు. అందులో వాటర్‌ప్రూఫ్ సంచీలో ఫోన్, మెడలో ఈల పెట్టుకోండి. సాయం కావాలంటే ఒక చెయ్యి నిటారుగా ఎత్తి అటూ ఇటూ ఊపాలి. గట్టు మీదవాళ్లతో ఈ గుర్తు ముందే మాట్లాడుకోవాలి, లేకపోతే వాళ్లూ సంతోషంగా చెయ్యి ఊపుతారు.

గట్టు మీద ఒక మనిషి ఉండటం పెద్ద విషయం. ఆ మనిషి ఫోన్ చూడకుండా ఉండటం ఇంకా పెద్ద విషయం.

తడి_తువ్వాలు
ఎప్పుడు బయటికి రావాలో ఎలా తెలుస్తుంది? డిగ్రీ లెక్క కాదంటున్నారు, ఒంటికి తెలియదంటున్నారు.

ఉప్పుకల్లు
సమయం గట్టు మీదే నిర్ణయించుకోవాలి. నీళ్లలో దిగాక మీ బుర్ర తీర్పు నమ్మకండి. చలిలో ముందు పోయేది వేళ్లు, తర్వాత వివేకం. 13 డిగ్రీల్లో సూట్ లేకుండా కొత్తవాళ్లు మొత్తం నాలుగైదు నిమిషాలు, ఊపిరి కుదిరే సమయంతో కలిపి. తర్వాత వారానికి ఒకటి రెండు నిమిషాల చొప్పున పెంచుకోవచ్చు. గడియారంలో సగం సమయం కాగానే అలారం పెట్టుకోండి. అది మోగగానే మొహం ఒడ్డు వైపు. గాలికీ ప్రవాహానికీ ఎదురుగా ముందు ఈది, వాలుగా వెనక్కి రండి. ఎప్పుడూ ఒడ్డు వెంబడే, ఛాతీలోతులో.

సమయం అయ్యేలోపే రావాల్సిన సందర్భాలకి ఒక చిన్న పరీక్ష ఉంది. ప్రతి రెండు నిమిషాలకీ ఒకసారి ఆగి చెయ్యి పైకెత్తి బొటనవేలి కొసని చిటికెన వేలి కొసకి ఆనించండి. మొదట టక్కున ఆనుతుంది. కాసేపటికి చిటికెన వేలు పక్కకి నిక్కి నిలబడి, పిలిచినా రాదు, అరచెయ్యి మొత్తం గరిటెలా ఉంటుంది. బొటనవేలు ఉంగరం వేలి దగ్గరే ఆగిపోయిందంటే ఇక ఒక్క స్ట్రోకు కూడా లోపలికి వద్దు. నీళ్లలో ఉండగా వణుకు మొదలైనా అంతే.

పల్స్_చూడు
దానికి తోడు మాట ముద్ద కావడం, చిరాకు, కారణం లేకుండా హుషారు. "ఇంకో రౌండ్ వేస్తా" అని అతి ఉత్సాహంగా అన్నవాళ్లని గట్టుమీద గారు చెయ్యి పట్టి లాక్కురావాలి. ఈదుతుండగా దగ్గు, ఆయాసం, ఛాతీ గురగుర, గులాబీ రంగు నురగ కఫం, వీటిలో ఏది కనపడినా అది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కావచ్చు. మింగిన నీళ్లు కాదు, ఒంట్లోంచి ఊరిన సొంత నీరే. వెంటనే బయటికి, వెంటనే డాక్టరు.

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఉబ్బసం, మూర్ఛ, గర్భం, చలికి వేళ్లు పాలిపోయి తెల్లగా అయ్యే రేనాడ్స్, ఇవి ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా దిగొద్దు. ఈ మాట చెప్పకపోతే నా పేరు మార్చుకోవాలి.

చేపపిల్ల_42
బయటికొచ్చాక వేడి షవర్ కింద నిలబడితే స్వర్గం కదా!

పల్స్_చూడు
స్వర్గానికే తీసుకెళ్తుంది. నీళ్లలో ఉన్నంతసేపూ చర్మం రక్తనాళాలు బిగుసుకుని, నీటి ఒత్తిడి కూడా కాళ్ల రక్తాన్ని పైకి తోస్తూ ఉంటుంది. నిటారుగా బయటికి రాగానే ఆ ఒత్తిడి పోతుంది. దాని మీద వేడి నీళ్లు పోసుకుంటే నాళాలు విచ్చుకుని బీపీ జారిపోతుంది, కళ్లు బైర్లు కమ్మి పడిపోతారు. మొద్దుబారిన చర్మానికి కాలుతోందని కూడా తెలియదు. వణుకు పూర్తిగా ఆగాకే షవర్, అదీ గోరువెచ్చగా.

అసలు బయటికొచ్చాక లోపలి వేడి ఇంకా పడుతుంది. ఆఫ్టర్‌డ్రాప్ అంటారు. మంట ఆర్పేసినా మందపాటి ఇనుప దిమ్మ మధ్యకి వేడి పాకుతూనే ఉంటుంది కదా, దాన్ని తిరగేసి ఊహించుకోండి. బయటి పొర చల్లగా ఉన్నంతసేపూ మధ్యలోంచి వేడి లాక్కుంటూనే ఉంటుంది. పది నిమిషాల నుంచి అర గంట దాకా అసలు చలి అప్పుడే. నీళ్లలోంచి నవ్వుతూ వచ్చినవాళ్లు పావుగంటకి పళ్లు టకటకలాడిస్తారు.

వణుకురాజు
వేడెక్కడానికి బీచ్ మీద పరుగెత్తితే? లేదా ఒక పెగ్గు?

ఎదురీత
రెండూ వద్దు. పరుగెత్తితే చల్లబడ్డ కాళ్లలోకి రక్తం ఎక్కువ పోయి మరింత చల్లబడి వెనక్కొస్తుంది. పెగ్గు చర్మం నాళాల్ని తెరిచేస్తుంది, ఒళ్లు వెచ్చగా అనిపించి లోపలి వేడి బయటికి పోతుంది, పైగా బుర్రకి ముసుగు. ఒళ్లు ఆరి, బట్టలు వేసుకున్నాక నెమ్మదిగా నడవండి, గోరువెచ్చగా తియ్యగా ఏదైనా తాగండి. వణుకుని ఆపడానికి చూడకండి, ఒళ్లు వేడి పుట్టించుకునే పద్ధతి అదే. ఆ ఇంధనం కోసం దిగడానికి గంటన్నర ముందు కొంచెం తిని ఉండాలి. వణుకు ఆగేదాకా బండి తాళం ముట్టుకోవద్దు.

అలల_అత్తయ్య
ఇక్కడ మగవాళ్లందరూ సిద్ధాంతాలు చెబుతున్నారు, బట్టలు ఎలా వేసుకోవాలో ఒక్కరూ చెప్పలేదు. అసలు ఆట అక్కడే గెలుస్తాం, అక్కడే ఓడతాం.

బయటికి రాగానే మీకు ఓ పది నిమిషాలుంది, ఆ తర్వాత వణుకు. ఆ వణుకులో గుండీ పెట్టుకోవడం సూదిలో దారం ఎక్కించడంతో సమానం. కాబట్టి దిగే ముందే సంచీలో బట్టలు తిరగేసిన క్రమంలో సర్దుకోవాలి. ఆఖర్న వేసుకునేది అడుగున, మొదట వేసుకునేది పైన. ఏదీ తిరగబడి ఉండకూడదు, చొక్కా చేతులు లోపల ఇరుక్కుని ఉండకూడదు. గుండీలు, హుక్కులు, లేసులు, బిగుతు జీన్సు, ఇవేవీ వద్దు. ఆడవాళ్లు ముఖ్యంగా, వెనక హుక్కు పెట్టుకునే ప్రయత్నమే చెయ్యొద్దు, ఇంటికెళ్లాక చూసుకోవచ్చు. జిప్పు ఉంటే దానికి ఒక దారపు ఉంగరం కట్టండి, పళ్లతోనైనా లాగొచ్చు.

పై ఒంటి తడి బట్ట ముందు తీసేయాలి, అద్ది తుడవాలి. రుద్దకండి, తిమ్మిరెక్కిన చర్మం గీసుకుపోతుంది. బనియన్, స్వెటరు, గాలి ఆపే కోటు, ఉన్ని టోపీ. అప్పుడు కింది ఒళ్లు. ఇసుక మీద కాకుండా రబ్బరు చాప మీద నిలబడండి, కాళ్ల ద్వారా పోయే వేడి తక్కువేం కాదు. సాక్సులు వదులుగా ఉండేవి, తడి కాలికి బిగుతు సాక్సు ఎక్కదు. వేళ్ల గ్లవ్స్ బదులు నాలుగు వేళ్లూ ఒకే గదిలో ఉండేవి. వేడి నీళ్ల సంచీ ఉంటే స్వెటరు పైన, పొట్ట దగ్గర పెట్టుకోండి, వట్టి చర్మానికి తగలనివ్వకండి. పొడుగు జుట్టు ఉన్నవాళ్లు దాన్ని చుట్టడానికి రెండో తువ్వాలు తెచ్చుకోవాలి.

నియోప్రీన్_నాయుడు
సూట్‌వాళ్లకి ఒక మాట. చేతుల దగ్గర సూట్ పీక్కోవడంలోనే పది నిమిషాలు పోతాయి. ముందు పై సగం నడుం దాకా లాగేసి, కోటు వేసుకుని, అప్పుడు కాళ్లు.

గట్టుమీద
కాపలా ఉండేవాళ్లు వణికే మనిషిని చూసి కంగారుపడొద్దు. వణకాల్సినంత చల్లబడి కూడా వణుకు ఆగిపోయి, మాట తడబడుతూ, మగతగా ఉంటే కంగారుపడండి. అలాంటివాళ్లని నడిపించకుండా, చేతులూ కాళ్లూ రుద్దకుండా పడుకోబెట్టి, తడి తీసి, కింద కూడా దుప్పటి వేసి కప్పి అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి. మగతలో ఉన్నవాళ్ల నోట్లో ఏమీ పొయ్యకూడదు, పొలమారుతుంది.

తడి_తువ్వాలు
సరే, ఇలా రాసుకున్నాను. ఆదివారం, పోటు నిండే సమయానికి, గాలి తక్కువ ఉంటేనే. ముందు థర్మామీటర్, పది నిమిషాలు రిప్ కోసం చూడటం. మడమలోతులో అర నిమిషం, ఛాతీలోతులో తొంభై లెక్క, ఒక్క ఊపిరిలో వాక్యం. మొత్తం నాలుగు నిమిషాలు, రెండో నిమిషానికి అలారం. ముఖం ముంచడం మూడోసారి వచ్చినప్పుడు చూద్దాం. నారింజ టోపీ, గ్లవ్స్, ఫ్లోట్. తమ్ముడు గట్టు మీద. ఏమైనా మర్చిపోయానా?

ఉప్పుకల్లు
బాగుంది. గ్లవ్స్ వేసుకుంటే బొటనవేలి పరీక్ష స్పష్టంగా తెలియదు. వేళ్లు దగ్గరకి చేర్చి అరచెయ్యి బల్లపరుపుగా నిలబెట్టగలుగుతున్నారా చూడండి. వేళ్ల మధ్య సందులు మూయలేకపోతే అదే గుర్తు.

పాటుపోటు
పోటు నిండినప్పుడు ఒడ్డు దగ్గర అల నిలువుగా కూలే బీచ్ అయితే దిగేటప్పుడు కంటే వచ్చేటప్పుడు జాగ్రత్త. అలకి వీపు చూపించకుండా పక్కకి తిరిగి, కాళ్లు ఈడుస్తూ నడవండి. మొద్దుబారిన కాళ్లకి నేల ఎక్కడుందో తెలియదు.

అలల_అత్తయ్య
తమ్ముడికి కూడా కోటు ఇవ్వండి. అరగంట గాలిలో కదలకుండా నిలబడేది అతనే.

వణుకురాజు
తువ్వాలు మాత్రం అలలకి దూరంగా పెట్టండి గురూ. తడిస్తే ఇక్కడ మీ పేరు సార్థకం.